ఒక ఫోన్, ఏడు సంతకాలు: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

తిరుపతి చుట్టుపక్కల ట్రాన్స్, గే, లెస్బియన్ వాళ్లం కలిసి నడుపుకునే మన సంఘం సభ్యులకు, మనతో నిలబడిన అమ్మలకు, స్నేహితులకు నమస్కారం.

ఈ నివేదిక రాయాల్సింది కార్యదర్శి. “నాకు రాసేది రాదు, నువ్వు రాయి, నేను చదివి చెప్తా” అని అక్క నా మీద పెట్టేసింది. చదివి రెండు చోట్ల కొట్టేసింది, ఒక చోట నవ్వింది. ఎవరి పేరూ రాయలేదు. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. జమాఖర్చుల కాగితం విడిగా జత చేశాం. అందులో బస్సు చార్జీలు, జిరాక్సు ఖర్చు చూసి ఎవరూ కంగారు పడొద్దు, మన పనిలో సగం ఆ రెండే.

ఏడు సంతకాలు

ఈ ఏడాది పెద్ద పని రిజిస్ట్రేషన్. ఇన్నేళ్లూ సంఘం అని చెప్పుకున్నాం గానీ కాగితం మీద మనం లేం. బ్యాంకు ఖాతా లేదు. ఎవరైనా చందా ఇస్తే ఆ డబ్బు కోశాధికారి అక్క బీరువాలో చీరల కింద ఉండేది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సంఘానికి కనీసం ఏడుగురు కావాలి. ఆ ఏడుగురూ పేరు, వృత్తి, చిరునామా రాసి సంతకం చేయాలి. అపార్ట్‌మెంట్ సంఘానికైతే అది ఒక పూట పని. మనకు నెలలు పట్టింది.

నెలవారీ సమావేశానికి గది నిండా వస్తారు. సంతకం మాట ఎత్తగానే సగం మంది తల దించుకుని ఫోన్లు చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను. నా ఆఫీసులో తెలియదు, ఇంట్లో తెలియదు. మా అమ్మ ఇంకా సంబంధాలు చూస్తూనే ఉంది.

చివరికి ముందుకొచ్చింది నలుగురు ట్రాన్స్ అక్కలు, ఇద్దరు అమ్మలు, ఒక రిటైర్డ్ లెక్చరర్. ఫారం నింపేటప్పుడు ‘తండ్రి పేరు’ దగ్గర ఒక అక్క చాలాసేపు ఆగిపోయింది. పదహారేళ్లప్పుడు ఇంట్లోంచి గెంటేస్తే వచ్చిన మనిషి. “ఆయన నా పేరు రేషన్ కార్డులోంచి తీయించినాడు. నేను ఆయన పేరు రాస్తా ఉండా చూడు” అని రాసింది. ఆ రోజు నుంచి సమావేశంలో నా నోరు కాస్త తగ్గింది.

ఎందుకంటే, మన దగ్గర ఎక్కువ మాట్లాడేది నాలాంటి చదువుకున్న గే అబ్బాయిలం. 1969లో న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ బార్ దగ్గర మనలాంటివాళ్లు పోలీసుల మీద ఎలా తిరగబడ్డారో, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ గురించి 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఏం చెప్పిందో గడగడా చెబుతాం. ఆఫీసుల్లో బెంచీ మీద గంటలు కూర్చుని, పైనుంచి కిందికి చూసే చూపులు భరించేది మాత్రం అక్కలు. దాచుకోవడానికి ఏమీ మిగలని వాళ్ల మీదే కాగితాల బరువూ పడింది. సంతకం చేయలేని మేం ఇంకేం మోస్తాం అని ఆ లెక్చరర్ గారు మెత్తగానే అడిగారు. అడిగింది మెత్తగానే గానీ తగిలింది గట్టిగానే.

ఫోన్

మన నంబరు అంటే మీ అందరికీ తెలిసింది పెద్దక్క నంబరే. చాలా ఏళ్ల కింద ఎయిడ్స్ నియంత్రణ ప్రాజెక్టులో ఆమె పీర్ ఎడ్యుకేటర్, అంటే మనవాళ్లకు మనవాళ్లే జాగ్రత్తలు చెప్పే పని. మనలో చాలామంది ఒకరికొకరం తెలిసింది ఆ ప్రాజెక్టు వల్లే. ప్రాజెక్టు పోయింది, నంబరు నిలిచింది. తిరుపతిలో, చిత్తూరులో, పలమనేరు దాకా అది చేతులు మారుతూ వెళ్లింది. అర్ధరాత్రి రెండింటికి మోగేది, సంక్రాంతి రోజు మోగేది. తన గురువు చనిపోయిన రోజు శవం పక్కన కూర్చుని కూడా ఆమె ఫోన్ ఎత్తింది. దాన్ని మనం ఏళ్ల తరబడి మెచ్చుకున్నాం. మెచ్చుకోవడం సులువు, డ్యూటీ చేయడమే కష్టం. వర్షాకాలంలో బీపీ పెరిగి ఆసుపత్రిలో పడ్డప్పుడు, సెలైన్ ఎక్కుతున్న చేత్తోనే ఎవరికో దారి చెబుతుంటే చూసి ఆమె కూతురు — అంటే మన అక్కల ఆనవాయితీలో గురువు చేరదీసిన శిష్యురాలు, చేలా — ఫోన్ లాక్కుంది. లాక్కున్నందుకు ఆమెను సంఘం అభినందిస్తోంది. ఈ వాక్యం కొట్టేయమని పెద్దక్క అంది, నేను కొట్టలేదు.

కొత్త సిమ్ తీసుకున్నాం. వారానికి ఏడు రాత్రులు, రాత్రికొకరు. సంతకం చేయలేక తలదించుకున్న వాళ్లలోంచే ఏడుగురు పేర్లిచ్చారు. పెద్దక్క మా అందరికీ రెండు ఆదివారాలు పాఠం చెప్పింది. మొదటి పాఠం: “మీ ఇంట్లో చెప్పేయండి” అని ఎవరికీ సలహా ఇవ్వకూడదు, చెప్పాక వాళ్లు రాత్రికి ఎక్కడ పడుకుంటారో మనకు తెలియదు కాబట్టి. రెండోది: అవతలి మనిషి ఏడుస్తుంటే మన కథ ఎత్తుకోకూడదు. నాకు ఇది చాలా కష్టమైంది. చావు మాట వస్తే మాట్లాడుతూనే ఉండాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరు ఇవ్వాలి, ప్రాణం మీదికి వస్తే అత్యవసర నంబరు 112. పుస్తకంలో పేరు రాయకూడదు, ఊరు కూడా రాయకూడదు. తేదీ, అవసరం, ఏం చేశాం, అంతే.

వచ్చే ఫోన్లలో ఒక రకం తిరుపతికే ప్రత్యేకం అనుకుంటాను. ఇల్లు విడిచిన పిల్లలు ఇక్కడికే వస్తారు. తిరుపతిలో దిగితే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. కొండ మీద భోజనం దొరుకుతుంది, స్టేషన్ బయట పడుకునేవాళ్లలో ఒకడిగా పడుకోవచ్చు, గుండు చేయించుకుంటే సొంత మేనమామ కూడా గుర్తుపట్టడు. డబ్బు, చార్జింగ్ అయిపోవచ్చే మూడో రోజుకో నాలుగో రోజుకో మనకు ఫోన్ వస్తుంది. పద్దెనిమిది నిండని వాళ్లయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పి తీరాలని ఈ ఏడాది నియమం పెట్టుకున్నాం. దీని మీద గట్టిగా గొడవ జరిగింది. “చెబితే మళ్లీ ఆ ఇంటికే పంపుతారు” అని అక్కలు, వాళ్ల అనుభవం వాళ్లది. “చెప్పకుండా మన గదిలో పెట్టుకుంటే ఆ పిల్లోడికీ కాపలా లేదు, మనకూ లేదు” అని లెక్చరర్ గారు. రెండూ నిజమే. ఓటింగ్ పెట్టాం, చెప్పాలనే తేలింది. చెప్పి వదిలేయకుండా, ఆ పిల్లల కోసం మాట్లాడటానికి మనవాళ్లు ఒకరు వెంట వెళ్తున్నారు.

ఇంకో రకం తల్లిదండ్రుల ఫోన్లు. ఒక తండ్రి కొడుకును ‘మార్చడానికి’ ఏదో క్లినిక్‌కు డబ్బు కట్టి వచ్చాడు. అలాంటి వైద్యం చేయడం వృత్తిపరమైన తప్పు అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే రాష్ట్రాల వైద్య మండళ్లకు రాసిందని చెబితే, “అయితే నా డబ్బు తిరిగిస్తారా?” అన్నాడు. ఇవ్వలేదు. కానీ మళ్లీ అక్కడికి వెళ్లలేదు. ఇప్పుడు ఆయన నెలకోసారి మన సంతకాల అమ్మల్లో ఒకరికి ఫోన్ చేసి కొడుకును తిడతాడు, అరగంట తిట్టాక వాడు అన్నం తిన్నాడని చెబుతాడు.

డిసెంబరులో ఒక అమ్మాయి ఫోన్ చేసింది, స్నేహితురాలిని వాళ్లింట్లో పెట్టి తాళం వేశారని. అదే నెలలో మన హైకోర్టు ఇలాంటి కేసులోనే ఇద్దరు యువతులు కలిసి ఉండొచ్చని, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని చెప్పింది. ఆ తీర్పు గురించి రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడికి తెలుసు, ఉచిత న్యాయ సహాయం ఇచ్చే లీగల్ సర్వీసెస్ నంబరు 15100 తెలుసు. తెల్లారేసరికి లాయరమ్మ లైన్లో ఉంది. మిగతాది ఇక్కడ రాయను. ఇద్దరూ క్షేమం.

కాగితాలు

2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్లను గుర్తించిన సుప్రీంకోర్టు నాల్సా తీర్పు, తర్వాత 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం, 2020 నియమాలు. 2024–25లో వీటి ప్రకారం ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్‌కు ప్రమాణపత్రం జత చేసి ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు పెడితే కలెక్టరు ఇవ్వాల్సి ఉండేది. అప్పుడు శరీర పరీక్ష అక్కర్లేకపోయింది. ఈ మాట వందసార్లు చెప్పాం, ఎందుకంటే ఆ భయంతోనే చాలామంది దరఖాస్తు పెట్టలేదు. ఆపరేషన్ అయ్యాక ఆడ లేదా మగ అని మార్పించుకునే సర్టిఫికెట్ వేరు, దానికి ఆసుపత్రి కాగితం కావాలి. మనవాళ్లు రెండూ కలిపేసి టెన్షన్ పడుతున్నారు.

అసలు చిక్కు రెండు చోట్ల. ఒకటి, దరఖాస్తు పెట్టే నాటికి ఆ ప్రాంతంలో పన్నెండు నెలలుగా ఉంటూ ఉండాలి. ఇల్లు వదిలి వచ్చిన పిల్లకు అద్దె కాగితం ఎవరిస్తారు? గురువు ఇంట్లో ఉంటే గురువు పేరు మీదా ఉండదు. రెండు, 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది గానీ, కొందరి ఆధార్‌లో ఇంకా చిత్తూరు జిల్లా అనే ఉంది. అప్పుడు నెల్లూరు వైపు నుంచి మన జిల్లాలో కలిసిన గూడూరు, సూళ్లూరుపేట వాళ్లకూ ఇదే గోల. ముందు ఆధార్ చిరునామా సరిచేయించి, ఆ తర్వాత పోర్టల్‌కు వెళ్లడం అనే పద్ధతి పెట్టాం. అందుకే అంత జిరాక్సు.

పింఛను మూడు వేల నుంచి నాలుగు వేలు అయింది. జులై 1న ఏప్రిల్ నుంచి బకాయి కలిపి ఏడు వేలు చేతికొచ్చిన రోజు కోర్లగుంట అక్క అందరికీ బిర్యానీ పెట్టింది. నివేదికలో దీనికి ఇంతకంటే చోటు లేదు గానీ, బిర్యానీ బాగుంది.

స్వలింగ జంటలకు పెళ్లి హక్కు 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టులో రాలేదని మనకు తెలుసు. దాని తర్వాత వచ్చిన చిన్న కాగితాలు చాలామందికి తెలియవు. మన జంటలు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవొచ్చని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టం చేసింది. రేషన్ కార్డుకు ఒకే కుటుంబంగా చూడాలని ఆహార శాఖ రాష్ట్రాలకు రాసింది. మనవాళ్లిద్దరు ఆ ప్రింటు పట్టుకుని ఒక బ్యాంకుకు వెళ్తే కౌంటరులో అమ్మాయి “అక్కాచెల్లెళ్లా?” అని అడిగింది. కాదన్నారు. ఆమె చాలాసేపు ఆ కాగితం చదివి, “సరే, పాన్ కార్డులు ఇవ్వండి” అంది. అంతే. ఇంత మామూలుగా అయిపోతుందని వాళ్లు అనుకోలేదట, బయటికి వచ్చి బస్టాండులో ఏడ్చారట.

జాతర

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆడవాళ్లను వేధించి దాక్కున్న పాలెగాణ్ని వెతకడానికి అమ్మవారు రోజుకో వేషం వేసిన కథ మీకు తెలుసు. ఊళ్లో మగవాళ్లు, చిన్న పిల్లలు మొక్కుగా చీర కడతారు, జడ వేస్తారు, బొట్టు పెడతారు. తల్లులే దగ్గరుండి కొడుకులకు గాజులు తొడుగుతారు. బండ వేషం రోజు బూతులు తిట్టినా మొక్కే. ఆ వారం మన కుర్రాళ్లకు ఏడాదిలో ఊపిరాడే వారం. వచ్చే వారం అదే చీర కట్టుకుని గాంధీ రోడ్డులో నడిస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

జాతరలో మన బ్యానరు పెడదామని కొందరన్నారు. పెద్దక్క వద్దంది: “అది అమ్మ సొంత పండగ. మనం మొక్కు చెల్లించుకునేదానికి పోతాం, ప్రచారానికి కాదు.” నాకు అప్పుడు నచ్చలేదు. జాతర రోజు ఆమె అంబలి పోస్తుంటే వరసలో నిలబడిన వాళ్లు “అమ్మా, ఇంకొంచెం” అనడం చూశాక ఆ వాదన మళ్లీ ఎత్తలేదు. సరైన నిర్ణయమా అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

మన తప్పు

సెప్టెంబరు 6న, 377 తీర్పు రోజని ఒక హాలులో కలిశాం. ఏం ఫంక్షను అని హాలు ఆయన అడిగితే పుట్టినరోజు అన్నాం. అబద్ధం కాకూడదని కేకు కూడా కోశాం. ఆ రాత్రి మన వాలంటీరు ఒకరు గ్రూపు ఫొటో స్టేటస్‌లో పెట్టారు. పదిహేను నిమిషాల్లో తీసేశారు, కానీ ఆ పదిహేను నిమిషాల్లోనే ఒక సభ్యుడి బంధువు చూశాడు. ఆ సభ్యుడు ఉద్యోగం మారి చెన్నై వెళ్లిపోయాడు. ఇప్పుడు మన ఫోన్లు ఎత్తడం లేదు. ఇది పొరపాటు అని రాయబోతే కార్యదర్శి అక్క ‘తప్పు’ అని మార్చింది. ఇప్పుడు సమావేశం గది గుమ్మం దగ్గర బుట్ట ఉంది, ఫోన్లు అందులో పెట్టి లోపలికి రావాలి. ఫొటో పెట్టిన కుర్రాడు సంఘం వదిలిపోలేదు. బుట్ట దగ్గర కూర్చునేది అతనే.

నడక

జనవరిలో అలిపిరి వైపు కాకుండా ఊళ్లోనే చిన్న ప్రైడ్ నడక, అంటే మనం ఉన్నామని చాటే ఊరేగింపు, అనుకున్నాం. హైదరాబాద్‌లో 2013లో మొదలైంది, మనం ఎప్పుడు అని కుర్రాళ్ల పట్టు. పోలీసు యాక్ట్ 30 కింద అనుమతి కావాలి కాబట్టి దరఖాస్తు కూడా రాసిపెట్టాం. జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆ రాత్రే అందరం వద్దనుకున్నాం. ఆ దరఖాస్తు ఫైల్లోనే ఉంది. తర్వాత మళ్లీ తారీఖు పెట్టలేకపోయాం, దానికి ఏ కారణమూ లేదు, మా బద్ధకమే.

వచ్చే ఏడాదికి

సర్వసభ్య సమావేశం అయ్యాక కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. అవే ఏడు పేర్లు ఇస్తాం. సంతకం చేసిన అమ్మల్లో ఒకరికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. ఆమె స్థానంలో రాగలిగిన వాళ్లుంటే చెప్పండి. బలవంతం లేదు.

ఫోన్ డ్యూటీలో సోమవారం, గురువారం ఖాళీ. ఒకరికి పెళ్లి కుదిరింది (ఏమీ అనొద్దు, అతను ఇప్పటికే బాధలో ఉన్నాడు), ఇంకొకరికి బెంగళూరులో ఉద్యోగం. దొరికేదాకా ఆ రెండు రాత్రులూ నేనే చూస్తున్నాను. పెద్దక్క పాత నంబరుకు ఎవరూ చేయొద్దు, చేసినా ఆమె చేలా ఎత్తి తిడుతుంది. పేర్లు ఇవ్వదలచినవాళ్లు బుట్ట దగ్గర కూర్చునే కుర్రాడికి చెప్పండి.