కొలతల పుస్తకంలో గురుగ్రహం: దేవరకొండ నుంచి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. దేవరకొండలో బ్లౌజులు కుట్టుకుంటూ బతుకుతున్న. మా బిడ్డ మొన్న సోమవారం హైదరాబాద్‌లో బీఎస్సీలో చేరింది. మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్. ఈ మూడు పేర్లు ఖాయం కావడానికి మా ఇంట్లో ఆరు నెలలు పట్టింది. సాయం చేసినవాళ్లకు ఎదురుగా చెప్పబోతే నాకు మాట రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్న.

మొదటి దండం మా లెక్చరర్ సార్ ఇంటి అమ్మకు. సంక్రాంతి అయినంక జాకెట్ గుడ్డ ఇవ్వడానికి వచ్చి, పాత కొలత చూద్దామని నా పుస్తకం తిప్పింది. ఒక పేజీలో ఛాతీ 36, నడుము 32, చేతి పొడవు 10. పక్క పేజీలో నడుమ ఒక సున్నా, దానికి అటూ ఇటూ నాలుగు చుక్కలు, కింద తేదీ, టైము. ఆ తర్వాతి పేజీలోనూ అంతే, చుక్కలు మాత్రం జరిగినయి. "ఇదేం డిజైనమ్మా, మగ్గం వర్కా?" అని అడిగింది. బిడ్డ సిగ్గుపడుకుంట అది గురుగ్రహం, దాని చందమామలు అని చెప్పింది. మా తమ్ముడు కొనిచ్చిన బైనాక్యులర్‌ను డాబా పిట్టగోడకు ఆనించి, కదలకుండా పట్టుకుని, చూసి గీసినవి. అప్పటిదాకా నాకు నా పుస్తకం ఖరాబు చేస్తున్నదన్న కోపమే.

మర్నాడు సారే వచ్చిన్రు. రిటైరై చాన ఏండ్లయింది. మిషన్ పక్కన స్టూలు మీద కూసుని పేజీలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి, "అన్నిటికంటే దూరం పోయే చుక్క మళ్ల అదే చోటికి ఎన్ని రోజులకొచ్చింది బిడ్డా?" అన్నరు. పదహారో పదిహేడో అంది. దాని లోపలిది? ఏడు. నా మార్కింగ్ చాక్ తీసి చేతికిచ్చి, తిరిగే రోజుల వర్గం, దూరం ఘనం ఒకే లెక్కలో పెరుగుతయనే కెప్లర్ మూడో సూత్రం కటింగ్ బల్ల మీదనే రాయమన్నరు. రోజుల నిష్పత్తిని వర్గం చేస్తే ఐదున్నర దగ్గరికొచ్చింది. బొమ్మల్లోని దూరాలను టేపుతో కొలిచి, ఆ నిష్పత్తిని ఘనం చేస్తే అదీ ఇంచుమించు అంతే. బ్లౌజు గుడ్డ పక్కన పెట్టి నేను కూడా చూస్తున్న. ఏమీ అర్థం కాలే, బిడ్డ మొఖం మాత్రం చూసిన.

అప్పుడడిగిన్రు సార్: "నీకు చూసుడు ఇష్టమా, చూసినదాన్ని లెక్కగట్టుడు ఇష్టమా? చూసుడే అయితే ఏ నౌకరి చేసుకుంటనైనా డాబా ఎక్కొచ్చు. లెక్కనే అయితే ఫిజిక్స్ చదువు."

లెక్కనే అంది.

అంతకుముందు వచ్చిన సలహాలు చెప్పాల్నంటే నవ్వొస్తది. ఒకాయన ఏరోస్పేస్‌లో వెయ్యమన్నడు, అందులో స్పేస్ ఉందట. మా చిన్నత్త "జ్యోతిష్యమా? మంచిగనే సంపాదిస్తరు" అంది. సార్ విడమర్చి చెప్పిన్రు: ఏరోస్పేస్ అంటే విమానాలు, రాకెట్లు తయారుజేసే ఇంజనీరింగ్. ఇస్రోలో ఎక్కువమంది ఇంజనీర్లే. నక్షత్రం ఎందుకు వెలుగుతదో తెలవాల్నంటే మాత్రం ముందు ఫిజిక్స్, దానికి తోడు గట్టిగా మ్యాథ్స్. మా ఆయన సీఎస్ఈ వైపే ఉండె. నిజం చెప్పాల్నంటే ఇప్పటికీ సగం అటే.

సార్ దగ్గర చదువుకుని ఇప్పుడు పూణేలో పీహెచ్‌డీ చేస్తున్న చెల్లెకు రెండో దండం. రాత్రి పదింటికి వీడియో కాల్ చేసి గంటంబావు మాట్లాడింది. అక్కడికి దగ్గర్లో ఒక్కోటి 45 మీటర్ల వెడల్పుతో ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే 30 డిష్‌లున్నయట. వాటి నుంచి వచ్చేదంతా అంకెలేనట, పగలంతా కంప్యూటర్ ముందటే పనట. అందుకే మూడో సబ్జెక్టు కెమిస్ట్రీకి బదులు కంప్యూటర్ సైన్స్ తీసుకొమ్మంది, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఇప్పుడే మొదలుపెట్టమంది. కష్టం కూడా దాచలే. "డిగ్రీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి పదేండ్లు అక్కా, ఆఖరికి నౌకరీలు తక్కువ" అంది. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 ఇస్తరని కూడా చెప్పింది. చదువుకుంటుంటే జీతమిస్తరని నాకప్పుడే తెల్సింది.

బిడ్డ ఐసర్ (కేంద్రం నడిపే సైన్స్ కాలేజీలు) పరీక్ష రాసింది, ర్యాంకు సాలలేదు. రెండు రోజులు అన్నం తినలే. "డిగ్రీ అయినంక ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్ పరీక్ష ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, తొవ్వ యాడికి పోతది" అన్నరు సార్. డిగ్రీ సీట్ల వెబ్‌సైట్ దోస్త్‌లో ఆప్షన్లు మూడుసార్లు అటూ ఇటూ మార్చి, ఒక్కసారికే పైసలు తీసుకున్న నెట్ సెంటర్ తమ్మునికి కూడా శనార్తి.

ఇగ మా అమ్మ. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన జిల్లా మీదుగనే పోయిందని, ఇబ్రహీంపట్నం దగ్గర జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల వేధశాల నుంచి సైంటిస్టులు దాన్ని చూసిన్రని సార్ చెప్తుంటే పక్కనే కూసుని వింటున్నది. "ఆ దినం మేం తలుపులు పెట్టుకుని లోపల కూసున్నం. కోళ్లు పొద్దుగూకిందని గూట్లెకు పోయినయి, గదే తెలుసు నాకు" అంది. కొంచెంసేపు ఆగి, "దీన్నన్న సూడనియ్యిన్రి" అంది. హాస్టల్ అడ్వాన్స్ ఆమె పింఛన్ పైసల్లోంచే కట్టినం.

ఒక చిన్న మనవి. బిడ్డ పోతూ పోతూ నా కొలతల పుస్తకం పట్టుకపోయింది. శ్రావణమాసానికి బ్లౌజులు ఇచ్చినవాళ్లు దయచేసి ఒక్కసారి షాపుకు వచ్చి మళ్ల కొలతలు ఇచ్చిపోండి.