బడి బీరువాలో తాళం వేసిన ఇంజెక్షన్: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పాల అలర్జీ ఉన్న పిల్లవాడి తల్లిని. మీ నుంచి ఒక ఉత్తర్వు కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. తీవ్రమైన అలర్జీ వచ్చినప్పుడు ప్రాణం కాపాడే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ప్రతి బడిలో అందుబాటులో ఉండాలి. శిక్షణ పొందిన ఉపాధ్యాయులైనా, వంట సిబ్బంది అయినా అవసరం వచ్చినప్పుడు దాన్ని ఇవ్వవచ్చని, మంచి ఉద్దేశంతో ఇచ్చినవారిపై ఏ చర్యా ఉండదని మీ శాఖ రాతపూర్వకంగా చెప్పాలి.

పాలు, గుడ్డు, వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజలు, నువ్వులు, గోధుమ, సోయా, చేపలు, రొయ్యలు. ఆహార అలర్జీల్లో ఎక్కువ భాగం వీటివల్లే వస్తాయి. వీటిలోని ప్రొటీన్‌ను కొందరి శరీరం శత్రువుగా పొరబడి, దాన్ని ఎదుర్కొనే ఐజీఈ అనే యాంటీబాడీలను (రక్షణ ప్రొటీన్లను) సిద్ధం చేసుకుంటుంది. మళ్లీ అదే పదార్థం కడుపులోకి వెళ్లినప్పుడు హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. తీవ్రమైతే శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పడిపోతుంది. వైద్యులు దీన్ని అనఫిలాక్సిస్ అంటారు. ఇలా ప్రాణాలు పోయినవారి వివరాలను బ్రిటన్‌లో పరిశీలించినప్పుడు, ఆహారం తిన్నాక శ్వాస గానీ గుండె గానీ ఆగిపోవడానికి పట్టిన సమయం సుమారు 30 నిమిషాలని తేలింది. ఆ అరగంటలో బిడ్డ పక్కన ఉండేది చాలాసార్లు వైద్యులు కాదు, ఉపాధ్యాయులు.

మావాడు ఇంతకుముందు చదివిన బడిలో జరిగింది చెబుతాను. తోటి పిల్లవాడు పెట్టిన బిస్కెట్టు తిన్న కొద్దిసేపటికే మావాడు నాలుకను పళ్లతో గీరుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మాటిమాటికీ గొంతు సవరించుకున్నాడు. గొంతు బొంగురుపోయింది. ఎప్పుడూ గలగల మాట్లాడేవాడు ఉన్నట్టుండి నోరు మెదపలేదు. ఒంటి మీద ఒక్క దద్దురు కూడా కనిపించకపోవడంతో అలర్జీ కాదని ఉపాధ్యాయులు అనుకున్నారు. దద్దుర్లు లేకుండానే అనఫిలాక్సిస్ రావచ్చని వారికి ఎవరూ చెప్పలేదు. అనుమానం వచ్చేసరికి, నేను ఇచ్చి ఉంచిన ఇంజెక్షన్ ఆఫీసు గది బీరువాలో ఉంది, తాళంచెవి ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నారు. అలర్జీ మాత్ర ఒకటి మింగించి, నాకు ఫోను చేసి, బిడ్డను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ మాత్ర దురదను తగ్గిస్తుంది. పడిపోతున్న రక్తపోటును ఆపడం, బిగుసుకుంటున్న శ్వాసనాళాలను తెరవడం దానివల్ల కాదు. మా ఇల్లు బడికి దగ్గరే, ఇంట్లో రెండో ఇంజెక్షన్ ఉంది. అందుకే మావాడు ఈరోజు నా ఎదుట ఉన్నాడు.

ఆ ఉపాధ్యాయులు నా బిడ్డను ప్రేమగా చూసుకున్నవారే. వారిని నేను తప్పుపట్టను. ‘ఇంజెక్షన్ ఇచ్చాక ఏదైనా అయితే మా గతి ఏమిటి’ అన్న భయం వారిని వెనక్కి లాగింది. మంత్రి గారూ, ఆ భయాన్ని పోగొట్టగలిగింది మీ సంతకమే.

నిజానికి భయపడాల్సినంత పని కాదు. పెన్నులా ఉండే పరికరంలో మోతాదు ముందే కొలిచి ఉంటుంది. సాధారణంగా చిన్న పిల్లలకు 0.15 మిల్లీగ్రాములు, కాస్త పెద్దవారికి 0.3 మిల్లీగ్రాములు. తొడకు బయటివైపు, మధ్యభాగంలో, బట్టల మీదుగానైనా గట్టిగా నొక్కాలి. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి, ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టవచ్చు. లేచి నడవనివ్వడం మాత్రం ప్రమాదం. వెంటనే అంబులెన్సుకు ఫోను చేయాలి. 5 నిమిషాలకూ తగ్గకపోతే రెండో మోతాదు ఇవ్వాలి. తగ్గినట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు. ఒకవేళ అలర్జీ కాకుండానే ఇంజెక్షన్ ఇస్తే? ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కాసేపు గుండె దడ, చేతుల వణుకు, ఆ తర్వాత సర్దుకుంటుంది. ఇవ్వకుండా ఆగడంలో ఉన్న ముప్పు ముందు ఇది ఏపాటిది?

బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి బడులు వైద్యుల చీటీ లేకుండానే ఈ ఇంజెక్షన్లను కొని ఉంచుకోవచ్చు. సూది అంటే జంకేవారికి వీలుగా, ముక్కులో కొట్టే ఎడ్రినలిన్ స్ప్రేకు 2024 ఆగస్టులో అమెరికా అనుమతి ఇచ్చింది. ఎడ్రినలిన్ కొత్త మందేమీ కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నదే.

వంటగది గురించీ ఒక మాట. పాలు కలిపిన గరిటెను దులిపి వేరే గిన్నెలో పెడితే చాలు, మావాడికి ప్రాణం మీదికి వస్తుంది. శానిటైజర్ రాసుకుంటే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ చేతికంటిన ప్రొటీన్ పోదు, సబ్బుతో కడుక్కోవాలి. ప్యాకెట్ మీద ‘కేసీన్’, ‘వే’ అని ఉంటే అవి పాల ప్రొటీన్లే. ఇవి తెలిసిన వంటమనిషి ఉంటే ఇంజెక్షన్ దాకా వెళ్లే అవసరమే చాలాసార్లు రాదు. అలర్జీ ఉందని పిల్లవాడిని విడిగా ఒంటరిగా కూర్చోబెట్టడం మాత్రం దయచేసి జరగనివ్వకండి. ఆ బాధ నేను చూశాను.

ఇంజెక్షన్‌ను తాళం వేయని చోట, పిల్లల చేతికి అందని ఎత్తులో ఉంచాలని, గడువు తేదీని ఎవరు చూస్తారో పేరుతో సహా రాసిపెట్టాలని ఆ ఉత్తర్వులో చేర్చండి. అలర్జీ ఉన్న ప్రతి పిల్లవాడికి వైద్యులు సంతకం చేసిన ఒక పేజీ అత్యవసర ప్రణాళిక తరగతి గదిలోనే ఉండాలి. శిక్షణకు సూది లేని నమూనా పెన్నులు దొరుకుతాయి, ఒక పూట సరిపోతుంది. మా ఇంట్లో అలాంటి పెన్ను ఉంది. మీ అధికారులు ఏ బడికి రమ్మన్నా వచ్చి, ఎలా ఇవ్వాలో చేసి చూపించడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి