చపాతీలు మానకముందే పరీక్ష చేయించుకో అమ్మా

ఉట్రెక్ట్, నెదర్లాండ్స్

అమ్మకి,

నిన్న అన్నయ్య నీ రక్తపరీక్ష కాగితం ఫోనులో చదివి వినిపించాడు. హిమోగ్లోబిన్ మళ్లీ 8 దగ్గరే ఆగిందట. ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగుతున్నావు, తోటకూర, మునగాకు మానింది లేదు. అయినా ఒంటికి పట్టడం లేదంటే కారణం వెతకాలి కదా. ఫోనులో అయితే తలా ఒకటి అంటారు, అసలు మాట పక్కకి పోతుంది. అందుకే రాస్తున్నాను. నాన్నగారి చేత నిదానంగా చదివించుకో.

నాకున్న సీలియాక్ జబ్బు నీకూ ఉందేమోనని నా అనుమానం. ఇది మామూలు ఎలర్జీ కాదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది లోపలికి వెళ్తే ఈ జబ్బున్నవాళ్లలో ఒంటిని కాపాడాల్సిన శక్తే చిన్నపేగు మీద తిరగబడుతుంది. పేగు లోపలి గోడకి నారుమడిలో మొలకల్లా ఒత్తుగా సన్నటి పోగులుంటాయి. తిన్నదాంట్లోని సారాన్ని లాక్కునేవి అవే. అవి అరిగిపోతే ఎంత ఐరన్ మింగినా రక్తంలోకి చేరదు. అందరికీ విరేచనాలు, కడుపుబ్బరం ఉండాలని లేదు. కొందరికి రక్తహీనత ఒక్కటే బయటపడుతుంది. నాకు నోటిపూత, నీరసం ఉంటే అక్కడ గ్యాస్ అన్నారు, పెళ్లయితే తగ్గుతుందన్నారు. ఇక్కడి డాక్టరమ్మ ఒక్క రక్తపరీక్షతో దారి చూపించింది.

ఇంట్లో ఒకరికి ఉంటే వాళ్ల తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఉండే అవకాశం ఉంది. అంటే నువ్వు, నాన్నగారు, అన్నయ్య ముగ్గురూ చేయించుకోవాలి. ముందు నువ్వు.

"అన్నం తినేవాళ్లకి గోధుమల జబ్బేంటే" అన్నావు. మన దేశంలో చేసిన సర్వేలో కూడా ఉత్తరాదిలో వందకి ఒకరికి పైగా తేలితే, దక్షిణాదిలో వెయ్యికి ఒకరే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మన డెల్టాకి వరే కదా ఆధారం. కానీ ఇప్పుడు రాత్రిపూట మనింట్లో అన్నం తినేదెవరు? షుగర్ అని నీకు చపాతీ, నాన్నగారికి గోధుమరవ్వ ఉప్మా. రాజోలు నుంచి అమలాపురం దాకా ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. పాపాయికి పాలల్లో కలిపే మాల్టు పొడి కూడా బార్లీదే.

ఈ జబ్బుని పట్టే రక్తపరీక్ష పేరు అన్నయ్యని రాసుకోమను: టీటీజీ ఐజీఏ. ఐజీఏ అంటే రక్తంలో ఉండే ఒకరకం యాంటీబాడీ. దాంతోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూడమనాలి, అది తక్కువున్నవాళ్లకి జబ్బు ఉన్నా పరీక్షలో లేదని రావచ్చు. కాకినాడలోనో రాజమండ్రిలోనో గ్యాస్ట్రో డాక్టరుకి చూపించుకో. తేడా ఉంటే ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూస్తారు. పరీక్షలన్నీ అయ్యేదాకా చపాతీలు మాత్రం మానకు. నా ఉత్తరం చూసి భయపడి ఇవాళే మానేస్తావని నాకు టెన్షన్. మానేస్తే రక్తంలో ఆనవాళ్లు తగ్గిపోయి, జబ్బు ఉన్నా దొరకదు.

గోధుమతో ఉన్న లంకెని బయటపెట్టింది ఈ దేశపు పిల్లల డాక్టరే, విల్లెమ్ డికే అని. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల ఇక్కడ రొట్టె కరువైంది. ఊళ్లకి ఊళ్లు ఆకలితో మాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు కొందరు తేరుకున్నారు. ఆయనకి అంతకుముందే ఉన్న అనుమానం గట్టిపడింది. 1950లో ఈ ఉట్రెక్ట్ యూనివర్సిటీలోనే తన పరిశోధన సమర్పించారు. దీనికి ఇప్పటికీ తిండి మార్చుకోవడమే వైద్యం. ఒకవేళ నీకు ఉందని తేలినా జొన్న, రాగి ఉండనే ఉన్నాయి. బెంగ పెట్టుకోకు.

నేను సంక్రాంతికి వస్తున్నాను. అరిసెలు, సున్నుండలు, ఆత్రేయపురం పూతరేకులు, అన్నీ తింటాను. కాజాలు, బొబ్బట్లు మైదావి, నాకొద్దు. అరిసెల పిండి మాత్రం మరకి పంపకు. గోధుమలు ఆడిన మరలోనే మన బియ్యం పోస్తారు, ఆ అంటుకున్న పిండి చాలు నాకు. ఇంట్లోనే రోట్లో దంచుదాం, నేనూ పోటు వేస్తాను. ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చూడు, చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. పులిహోరలోకి నేను ఇక్కణ్ణించి బియ్యప్పిండితో చేసిన ఇంగువ తెస్తాను. చపాతీ కాల్చే పెనం మీద నా దోశ వద్దు, పూరీలు వేగిన నూనెలో నా గారెలు వద్దు.

ఒకటి చెప్పడానికి మనసు ఒప్పడం లేదు గానీ చెప్పాలి. అన్నవరం ప్రసాదం గోధుమనూకతోనే కదా. వ్రతం చేసుకుందాం, కథంతా వింటాను, ప్రసాదం మాత్రం కళ్లకద్దుకుని అన్నయ్యకి ఇచ్చేస్తాను. "ఇంత ముద్దకి ఏమవుతుందే" అని పెద్దమ్మ అంటే నువ్వే సర్దిచెప్పు. నాకు అరటిపండు చాలు.

మీ డ్వాక్రా మీటింగులోనూ ఈ మాట చెప్పు. ఎంతకీ రక్తం పట్టనివాళ్లు, ఎదుగుదల లేని పిల్లలు మన వీధిలోనే ఉన్నారు. అందరికీ ఇదేనని కాదు, డాక్టరుని ఒకసారి అడగమను. రిపోర్టు రాగానే అన్నయ్యని ఫోటో తీసి పంపమను.

నీ చిన్నమ్మాయి