బడికి కావలసింది అంకె కాదు, గ్రాఫు

సంపాదకుడికి,

బడిలో ఆటలతో భౌతికశాస్త్రం చెప్పడానికి, ఒంటికి కట్టుకుని కదలికను కొలిచే సెన్సర్లు కొనడం మంచి ఆలోచనే. అయితే అడుగులు, కేలరీలు చూపి ఊరుకునే పట్టీ కొంటే డబ్బు దండగ. ఆ అంకె ఎలా వచ్చిందో అది చెప్పదు. త్వరణాన్ని, అంటే వేగం ఎంత త్వరగా మారుతోందో దాన్ని, సెకనుకు కనీసం 100 సార్లు నమోదు చేసి, ఆ రీడింగులన్నీ ఫైలుగా మన చేతికిచ్చేదే బడికి పనికొస్తుంది.

మొదటి పాఠానికి, ఉన్నచోటే పైకి ఎగరడం చాలు. సెన్సర్‌ను నడుము వెనక బిగించి కట్టాలి. జేబులో వేస్తే దాని ఊగులాటే గ్రాఫంతా నిండిపోతుంది. కదలకుండా నిలబడితే రీడింగు 9.8 (మీటర్లు/సెకను²), గాల్లో ఉంటే దాదాపు సున్నా. పిల్లలు దీనికి సరిగ్గా తలకిందులుగా ఊహిస్తారు, అసలు పాఠం అక్కడే ఉంది. యాక్సిలరోమీటర్‌కు, అంటే త్వరణాన్ని కొలిచే ఈ సెన్సర్‌కు, తెలిసేది గురుత్వం కాదు, నేల మనల్ని పైకి నెట్టే నెట్టుడు. గాల్లో ఆ నెట్టుడు లేదు.

సున్నా దగ్గర గడిచిన సమయాన్ని వర్గం చేసి, 9.8తో గుణించి, 8తో భాగిస్తే ఎగిరిన ఎత్తు మీటర్లలో వస్తుంది. అర సెకనుకు 31 సెంటీమీటర్లు. సెకనుకు 10 రీడింగులే ఇచ్చే పరికరంలో సమయం 0.1 సెకను అటూ ఇటూ అయితే, అదే ఎత్తు 20 నుంచి 44 సెంటీమీటర్ల దాకా ఎంతైనా తేలవచ్చు. ఇంకో చిక్కు: మోకాళ్లు ముడిచి దిగినవాళ్లు గాల్లో కాస్త ఎక్కువసేపు ఉంటారు, లెక్కలో ఎక్కువ ఎత్తు కొట్టేస్తారు! కాళ్లు చాచే దిగమనాలి.

పరుగుకు మోకాలి కింద, కాలి ముందు ఎముక మీద కట్టేటప్పుడు సెన్సర్ ఎంతవరకు కొలవగలదో ఆ పరిధి చూసుకోవాలి. దాన్ని ‘జీ’లలో చెబుతారు, ఒక జీ అంటే పైన చెప్పిన 9.8. 2 జీ దగ్గర ఆగిపోయే సెన్సర్‌లో, పాదం నేలను తాకినప్పుడల్లా గ్రాఫు శిఖరం కోసేసినట్టు చదునుగా కనిపిస్తుంది. 16 జీ ఉన్నది తీసుకోవాలి.

త్వరణం నుంచి దూరం రాబట్టే ప్రయత్నం మాత్రం ఒక్కసారి చేయించి వదిలేయాలి. రీడింగులో 0.1 మాత్రమే స్థిరంగా తేడా ఉన్నా 10 సెకన్లలో దూరం 5 మీటర్లు తప్పుతుంది. పరుగు పందేనికి టేపు, స్టాప్‌వాచీయే మేలు.

కొనే ముందు, జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే, ఫోనులోని సెన్సర్ల రీడింగులు చూపే ఫైఫాక్స్ యాప్‌తో, నడుముకు గట్టిగా కట్టిన ఫోనుతో ఈ ప్రయోగం చేసి చూడవచ్చు. గుండె వేగం ఈ పాఠానికి అక్కర్లేదు, దాన్ని నమోదు చేయవద్దు. ఫైళ్ల మీద పిల్లల పేర్లకు బదులు సంఖ్యలు వేయాలి.

– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు