పది నిమిషాల నాటిక

సంపాదకులకు నమస్కారం.

మాది పర్లాకిమిడి, 1936లో ఒడిశాలో కలిసిన ఊరు. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నా తెలుగు క్లాసులో చదవమంటే చాలు, తల దించుకునేవారు. మొన్న పాఠం పక్కన పెట్టి, సంతలో వంకాయల బేరాన్ని నాటికగా వేయించాను. ఏడాదిగా నోరు విప్పని ఆరో తరగతి పిల్ల, చున్నీ తలకు చుట్టుకుని, చాక్‌పీసులు పోగుపెట్టి, "నలభైకి పైసా తగ్గదమ్మా, ఇష్టముంటే తీసుకోండి!" అని గట్టిగా అంది. ఆ మాటే బోర్డు మీద రాయమంటే, ఒత్తులు తప్పినా రాసింది. నాకు కళ్లు చెమర్చాయి.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. దయచేసి మీ పిల్లల పేజీలో వారానికొక చిన్న నాటిక వేయండి. మాకు తెలుగు పుస్తకాలు దొరకడమే కష్టం, పేపరైతే రోజూ వస్తుంది.

– ఒక తెలుగు టీచరు, పర్లాకిమిడి, గజపతి జిల్లా