కరివేపాకు పురుగుకు మందు కొట్టే ముందు

సంపాదకులకు,

ఎండలు ముదరగానే పిట్టలకు మూకుళ్లలో నీళ్లు పెట్టమని పత్రికలు రాస్తాయి. జనం పెడుతున్నారు, సంతోషం. అదే ఇళ్లలో తొలకరి పడ్డాక కరివేపాకు చెట్టుకు పురుగు కనిపిస్తే ఆ సాయంత్రమే మందు కొడుతున్నారు. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది గానీ, గూట్లో కళ్లు తెరవని పిల్లకు తల్లీతండ్రీ తెచ్చి నోట పెట్టేది మెత్తటి పురుగులనే. ఆకులు కుట్టి గూడు కట్టే కుట్టుపిట్టకైతే ఏడాది పొడుగునా పురుగులే తిండి. నూకలు, నీళ్లు ఉండి పురుగు లేని పెరట్లో పిట్ట వాలి పోతుందే తప్ప పిల్లల్ని పెంచలేదు.

కరివేపాకు, నిమ్మ, నారింజ, మారేడు మొక్కల ఆకులు కొరికే పెద్ద పురుగులు చాలావరకు రెండు సీతాకోకచిలుకల పిల్లలు. ఒకటి కామన్ మోర్మన్: నల్ల రెక్కలు, కింది రెక్కమీద తెల్లని మచ్చల వరుస. రెండోది లైమ్: నలుపుమీద లేతపసుపు మచ్చలు, రెక్కకు తోక ఉండదు. తల్లి లేత చిగుళ్లమీద ఆవగింజకన్నా చిన్నవైన పసుపుపచ్చని గుండ్రటి గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. అచ్చం పిట్ట రెట్టలా, గోధుమరంగులో తెల్లని చారలతో ఉంటుంది. ఆ వేషమే దాన్ని పిట్టల కంటినుంచి కాపాడుతుంది. నాలుగుసార్లు కుబుసం విడిచాక ఒక్కసారిగా ఆకుపచ్చగా మారుతుంది. చాలామంది అప్పుడే చూసి కంగారు పడతారు. ముట్టుకుంటే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ముల్లాంటి జంట బయటికి పొడుచుకొచ్చి ఘాటైన వాసన వస్తుంది. అది చీమలనూ కందిరీగలనూ బెదిరించడానికే. మనిషిని కుట్టదు, దద్దుర్లూ రావు.

తిండిలో ఎక్కువ భాగం ఈ ఆకుపచ్చ దశలోనే, నాలుగైదు రోజుల్లో తినేస్తుంది. అందుకే నిన్నటిదాకా బాగున్న మొక్క తెల్లారేసరికి ఈనెలతో మిగిలినట్టు అనిపిస్తుంది. నేలలో వేళ్లూనిన నడుమెత్తు కరివేపాకు చెట్టుకు దీనివల్ల ప్రమాదం లేదు. కొసలు తిన్నచోట పక్కకొమ్మలు వేసి రెండు మూడు వారాల్లో చిగురిస్తుంది. కుండీలో మూరెడు మొక్కయితే మాత్రం రెండు పురుగులు చాలు బోసిపోవడానికి. అలాంటి మొక్కకు దోమతెర గుడ్డ కప్పి అడుగున తాడుతో కట్టేయాలి. అప్పటికే పురుగు ఉంటే వేళ్లతో లాగకూడదు. కాళ్లతో ఆకును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఒళ్లు చిట్లుతుంది. అది కూర్చున్న రెమ్మను కత్తెరతో తుంచి, పెద్ద చెట్టు కొమ్మకు గుచ్చితే ఆకు వాడేలోపు తనే పాకి వెళ్తుంది. కరివేపాకు మీదిదాన్ని మందారమీద పెడితే ఆకలితో చస్తుంది. కరివేపాకు, నిమ్మ జాతి మొక్కలే కావాలి. చెట్టు కింద రాలిన కరివేప పండ్ల గింజలు నాటి, వీటికోసమే ఒక మొక్క విడిగా పెంచడం అన్నిటికన్నా తేలిక. గింజ ఎండితే మొలవదు, పండు రాలిన వారంలోపే నాటాలి.

ఇక మందు. పొద్దున కొట్టిన ఆకునే మర్నాడు పోపులో వేస్తాం, అదీ వండకుండా నూనెలో చిటపటమనిపించి. అది చాలదా ఆలోచించడానికి? వేపనూనె హానిలేనిదని లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల లెక్కన చల్లుతారు. అది కూడా చిన్న పురుగులను తిండి మాన్పించి, కుబుసం విడవనీయకుండా చంపేదే. కొమ్మలమీద తెల్లగా దూదిలా పట్టే పిండినల్లి, చిగుళ్లకు గుంపుగా పట్టే పేనుబంక వేరే సంగతి, అవి రసం పీలుస్తాయి. వాటికీ ముందు పైపుతో నీళ్ల ధార కొట్టి చూడాలి. పేనుబంక పక్కనే నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా పాకే పురుగు కనిపిస్తే వదిలేయండి. అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకనే తింటుంది. అన్నిటినీ వదిలేయమని కాదు. మునగకు పట్టే బొచ్చు పురుగు వెంట్రుకలు తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి. పిల్లలు తిరిగేచోట దాన్ని తొలగించాల్సిందే, చేత్తో మాత్రం ముట్టకూడదు.

గులాబీ ఆకు అంచున నాణెంతో కోసినట్టు గుండ్రటి కోత ఉంటే పురుగు కోసం వెతకొద్దు. ఆకు కత్తిరించే ఈగ (తేనెటీగ జాతిదే) గూడు కట్టుకోవడానికి ముక్క తీసుకెళ్లింది. దానికి మందు కొట్టడం వృథా, ఎందుకంటే అది ఆకు తినదు. వంకాయ పువ్వులో పుప్పొడి తిత్తి కొసనున్న సన్నని రంధ్రంలోంచి రాలాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో అదిరిస్తేనే అది బాగా రాలుతుంది, తేనెటీగకు ఆ పని రాదు. మేడమీద వంగకు కాయలు సరిగా పడకపోతే ఎరువుకన్నా ముందు తుమ్మెదలు వస్తున్నాయా అని చూడాలి. ఒక చివర గణుపు మూసుకున్న వెదురు గొట్టాలు, జానెడు పొడుగువి, పది పన్నెండు కట్టగట్టి చూరు కింద అడ్డంగా వేలాడదీయండి. లోపలి బోలు చిటికెన వేలంత ఉంటే తుమ్మెదకు, పెన్సిలంత ఉంటే ఆకు కత్తిరించే ఈగకు సరిపోతుంది. వాన నీళ్లు లోపలికి పోతే బూజు పట్టి పిల్లలు చస్తాయి, పొద్దుటి ఎండ తగిలేవైపు పెట్టాలి.

నీళ్ల మూకుడు రెండంగుళాలకన్నా లోతు ఉండకూడదు. ఒక రాయి వేస్తే తేనెటీగలు మునగవు. రోజూ నీళ్లు మార్చడం చాలదు. డెంగీ దోమ నీటి అంచున గిన్నె గోడకే గుడ్లు అంటిస్తుంది, అవి ఎండినా నెలల తరబడి బతుకుతాయి. కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా తోమాలి. పొద చాటున పెడితే పిల్లి కాస్తుంది, కనీసం రెండు గజాలు ఎడం ఉండాలి.

పురుగు ఎక్కడుందో తెలియాలంటే చెట్టంతా వెతకక్కర్లేదు. కుండీ అంచున నల్లటి పెంటికలు రాలి ఉంటే సరిగ్గా దాని పైకొమ్మమీదే ఉంటుంది. తినడం మానేసి కొమ్మ దిగి తిరుగుతుంటే గూడు కట్టే చోటు వెతుక్కుంటోందని అర్థం, అప్పుడు చెట్టు కత్తిరించొద్దు. నడుముకు పట్టుదారం కట్టుకుని పుల్లకు ఆనుకున్న ప్యూపా (పురుగు చిలుకగా మారే దశ) నుంచి ఇంచుమించు పది పన్నెండు రోజుల్లో సీతాకోకచిలుక వస్తుంది. పక్కన చిన్న బెజ్జం పడితే పరాన్న కందిరీగ, అంటే లోపలే పెరిగి దాన్ని తినేసేది, బయటికి పోయినట్టే. బెంగపడకండి, గుడ్లలో చాలావాటికి చీమలో పిట్టలో తొండలో గతి. ఎన్ని గుడ్లు, ఎన్ని పురుగులు, ఎన్ని చిలుకలు అని తేదీ వేసి రాసుకుంటే ఒక వానాకాలంలోనే మీ పెరటి లెక్క తేలుతుంది.

మీకొక విన్నపం. తోటపని శీర్షికలో పాఠకుడు పురుగు అనగానే మందు పేరు, మోతాదు చెప్పేముందు ఏ పురుగో అడగండి. ఈసారి జూన్‌లో తొలి వానలకు ముందే రెట్టలాంటి పిల్ల, ఆకుపచ్చ పురుగు, ప్యూపా, చిలుక ఫొటోలు నాలుగూ పక్కపక్కన వేయండి. కింద పిండినల్లి ఫొటో కూడా వేస్తే ఏది దేనికో తేలిపోతుంది.

— ఒక పాఠకురాలు, కాకినాడ