బకై మేయర్ గారికి బహిరంగ లేఖ: వైట్ ట్యాంక్ కొండల జంతువుల దారులు మూసెయ్యకండి

మేయర్ గారికి నమస్కారం.

అరిజోనాలో ఫీనిక్స్‌కు పడమట ఉన్న మన ఊరు బకై ఎంత వేగంగా పెరుగుతోందో మీకు చెప్పక్కర్లేదు. 2000లో 6,500 దాకా ఉన్న జనాభా 2020 కల్లా 91 వేలు దాటింది. ఇళ్లు కట్టొద్దని నేననను. మాలాంటి తెలుగు కుటుంబాలూ ఆ ఇళ్ల కోసమే ఇక్కడికి వచ్చాయి. నా బెంగంతా వైట్ ట్యాంక్ కొండల నుంచి జంతువులు దిగే దారుల గురించే.

దాదాపు 30 వేల ఎకరాల కౌంటీ పార్కు ఉందిగా, ఇంకేం కావాలంటారు కొందరు. కొండ ఒక్కటే మిగిలితే చాలదండీ. తెల్లటి రాతి దోనల్లో నిలిచిన వాన నీళ్లు ఎండిపోతే జింక కిందికి దిగాలి, వేరే చోట నీళ్లు వెతుక్కోవాలి. దిగేది ఇసుక వాగుల వెంటే. పాలోవెర్డే, ఐరన్‌వుడ్ చెట్ల నీడ దొరికేది అక్కడే. ఆ వాగుకి అడ్డంగా కాంపౌండ్ గోడ లేస్తే ఆ జింక ఎటు పోవాలి? ఎడారి తాబేలు పరిస్థితి మరీ ఘోరం. ఇళ్ల మధ్య కనిపించిందని జాలిపడి ఎవరైనా చేతుల్లోకి తీసుకుంటే, బెదిరిపోయి మూత్రాశయంలో దాచుకున్న నీళ్లు వదిలేస్తుంది. మండుటెండల్లో అదే దాని ప్రాణం మీదికొస్తుంది.

మన రాష్ట్రంలోనే టూసాన్ దగ్గర ఓరాకిల్ రోడ్డు మీద 2016లో జంతువుల కోసమే వంతెన కట్టారు. జింకలు దాని మీదుగా దాటుతున్నాయి. అక్కడ రోడ్డు, ఇళ్లు వచ్చేశాక సరిదిద్దుకున్నారు. మనకింకా ముందే జాగ్రత్తపడే వీలుంది.

కొత్త లేఅవుట్లకు అనుమతిచ్చే ముందు పెద్ద వాగులకు రెండు వైపులా ఖాళీ స్థలం వదలాలని షరతు పెట్టండి. సన్ వ్యాలీ పార్క్‌వే రోడ్డుని ఎప్పుడు వెడల్పు చేసినా, దాని కింద వాగు పారే కల్వర్టులు జింక తలెత్తుకుని దాటేంత ఎత్తుండాలి. ఈ రెండూ వచ్చే కౌన్సిల్ సమావేశంలో చర్చకు పెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
బకై నివాసి